మొదటి విడతలో వెనకబడినవారు ఇటలీ నగరాలకు మేయర్లు ఎలా అవుతున్నారు?

టురిన్_తెలుగబ్బాయి
ఇక్కడి నగరపాలక ఎన్నికల పద్ధతి గురించి చదువుతుంటే ఒక విషయం నాకు మింగుడుపడటం లేదు. 2021 అక్టోబరులో రోమ్ మేయరు పదవికి 22 మంది పోటీ చేశారు. మొదటి విడతలో ఎన్రికో మికెత్తి దాదాపు 30 శాతం ఓట్లతో ముందు నిలవగా, రొబెర్తో గ్వల్తియేరి 27 శాతంతో రెండో స్థానంలో ఉన్నారు. రెండు వారాల తరువాత ఆ ఇద్దరి మధ్యే జరిగిన రెండో విడతలో గ్వల్తియేరి 60 శాతంతో గెలిచారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఆయనను బలపరిచిన జాబితాలకు, అంటే పార్టీలు కౌన్సిల్‌కు నిలబెట్టిన అభ్యర్థుల పట్టికలకు, 48 మంది సభ్యుల కౌన్సిల్‌లో 29 స్థానాలు దక్కాయి. మొదటి విడతలో మూడో వంతు ఓట్లయినా రాని కూటమికి అరవై శాతం స్థానాలు కట్టబెట్టడం ఏ లెక్కన న్యాయం? నేనుంటున్న టురిన్‌లోనూ 2016లో ఇలాగే జరిగింది. అప్పటికి మేయరుగా ఉన్న పియెరో ఫస్సీనో మొదటి విడతలో పది శాతానికి పైగా ముందుండి కూడా రెండో విడతలో క్యారా అపెన్దీనో చేతిలో ఓడిపోయారు. ఈ పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మునిసిపల్_ముచ్చట్లు
ఇది 1993 మార్చిలో వచ్చిన 81వ నంబరు చట్టం పెట్టిన పద్ధతి. జనాభా 15,000 దాటిన నగరాలలో మొదటి విడతలో సగానికి పైగా ఓట్లు వచ్చినవారు అక్కడికక్కడే మేయరు అవుతారు. ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండు వారాల తరువాత మళ్ళీ పోలింగు జరుగుతుంది. దానిని బల్లొత్తాజ్జో అంటారు. గెలిచిన మేయరును బలపరిచిన జాబితాలకు కౌన్సిల్‌లో అరవై శాతం స్థానాలు ఇస్తారు. 15,000 లోపు ఊళ్ళలో ఒకే విడత ఉంటుంది. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే, గెలిచిన జాబితాకు మూడింట రెండు వంతుల స్థానాలు వస్తాయి. సిసిలీకి సొంత చట్టం ఉంది; అక్కడ మొదటి విడతలో నలభై శాతం వస్తే చాలు.

లెక్కల_మాస్టారు
టురిన్ అబ్బాయి అడిగినదానికి ముచ్చట్లు గారు నియమం చెప్పారు తప్ప న్యాయం చెప్పలేదు. రోమ్‌లో 2021 రెండో విడత పోలింగు సుమారు 41 శాతం. అందులో అరవై శాతం అంటే మొత్తం ఓటర్లలో నాలుగో వంతు కూడా లేదు. ఆ నాలుగో వంతు మీద మేయరు పదవిని, కౌన్సిల్ మెజారిటీని రెండింటినీ ఒకేసారి నిలబెడుతున్నారు. మొదటి విడతలో ఓటు వేసినవారిలో కొందరు రెండో విడతకు ఇల్లు కదలకపోవడం అక్కడ అలవాటుగా మారింది.

చిలిపి_చిలక
మాస్టారు, ఇల్లు కదలనివారి ఓట్లు కూడా లెక్క పెట్టాలంటే ప్రపంచంలో ఏ మేయరూ మిగలడు.

రోమాపురి_రమణి
నేను రోమ్‌లోనే ఉంటాను కాబట్టి ఒక మాట చెబుతాను. ఆ ఎన్నికలో నలుగురు గట్టి అభ్యర్థులు ఉన్నారు. మికెత్తి, గ్వల్తియేరి కాక కార్లో కలెందాకు, అప్పటి మేయరు వర్జీనియా రాజ్జికి కూడా చెరి పందొమ్మిది శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. ఒకే విడతలో తేల్చి ఉంటే డెబ్బై శాతం మంది కాదన్న వ్యక్తి మేయరు అయ్యేవారు. మిగిలిన ఇద్దరికి ఓటేసిన వారికి కూడా చివరి మాటలో భాగం దక్కాలన్నదే రెండో విడత ఉద్దేశం. అందులో నాకు అన్యాయం కనిపించదు. అరవై శాతం స్థానాల సంగతి వేరు. దాని మీద వాదించండి.

పాత_పేపరు
అరవై శాతం ఎందుకు పెట్టారో తెలియాలంటే 1993కు ముందటి సంగతి తెలియాలి. ఫాసిస్టుల కాలంలో, 1926 నుంచి, మేయరు స్థానంలో పొదెస్తా అనే అధికారిని ప్రభుత్వమే నియమించేది. యుద్ధం తరువాత కౌన్సిలర్లు మేయరును ఎన్నుకునే పద్ధతి వచ్చింది, అది 1993 వరకు సాగింది. ఓటరు కౌన్సిల్‌కు ఓటేసేవాడు. మేయరు ఎవరన్నది పార్టీలు కూర్చుని తేల్చుకునేవి. కూటమిలో పొరపొచ్చాలు వస్తే అయిదేళ్ళ మధ్యలో మేయరు మారిపోయేవాడు, ఓటరు అడ్రసు మాత్రం ఎవరూ అడిగేవారు కారు. 1992 ఫిబ్రవరిలో మిలాన్‌లో ఒక వృద్ధాశ్రమం అధ్యక్షుడు లంచం తీసుకుంటూ పట్టుబడటంతో మొదలైన దర్యాప్తులు పార్టీల పరువును గంగలో కలిపాయి. నగర ఎన్నికల పద్ధతి మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగే పరిస్థితి వచ్చినప్పుడు, దానిని తప్పించడానికే పార్లమెంటు హడావిడిగా 81వ చట్టం చేసింది. ఆ ఏడాదే కొత్త పద్ధతిలో మిలాన్‌కు నార్తర్న్ లీగ్ నుంచి మార్కో ఫొర్మెంతీని, రోమ్‌కు ఫ్రాన్చెస్కో రుతెల్లి, నేపుల్స్‌కు అంతోనియో బస్సొలీనో మేయర్లుగా వచ్చారు. రుతెల్లి చేతిలో ఓడినది జాన్‌ఫ్రాంకో ఫీని, బస్సొలీనో చేతిలో ఓడినది ముస్సోలినీ మనవరాలు అలెస్సాంద్రా. టురిన్ అబ్బాయికి మరో విషయం: మీ ఊళ్ళో 1993లో మొదటి విడతలో ముందున్నది మాజీ మేయరు దియేగో నొవెల్లి. గెలిచినది చాలా వెనక రెండో స్థానంలో ఉన్న వాలెంతీనో కాస్తెల్లాని. అంటే మీరు అడిగినది ఈ పద్ధతి పుట్టిన ఏడాదే జరిగింది.

విశాఖ_వాసి
పాత పేపరు గారు వర్ణించిన పాత ఇటలీ మన ప్రస్తుత పరిస్థితే. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయరు గొలగాని హరి వెంకట కుమారి మీద అవిశ్వాసం నెగ్గింది, పీలా శ్రీనివాసరావు మేయరు అయ్యారు. కౌన్సిల్ అదే, కార్పొరేటర్లు వారే, ఓటరును ఎవరూ మళ్ళీ అడగలేదు. ఇటలీలో కౌన్సిల్ మేయరును దించలేదా?

మునిసిపల్_ముచ్చట్లు
దించగలదు, అయితే తానూ దిగాలి. ఈ పద్ధతికి గుండెకాయ అదే. మేయరును మినహాయించి కౌన్సిలర్లలో అయిదింట రెండు వంతుల మంది సంతకాలతో అవిశ్వాస తీర్మానం పెట్టాలి. పది రోజులకు ముందు గాని, ముప్పై రోజులు దాటాక గాని దాని మీద చర్చ జరపకూడదు. మొత్తం సభ్యులలో సగానికి పైగా బలపరిస్తే మేయరుతో పాటు కౌన్సిల్ కూడా రద్దవుతుంది, ప్రభుత్వం కమిషనరును నియమిస్తుంది, ఆపై కొత్త ఎన్నికలు వస్తాయి. మేయరు తనంతట తాను రాజీనామా చేసినా అంతే. ఇరవై రోజుల్లో వెనక్కి తీసుకోకపోతే అది ఖాయమై కౌన్సిల్ కూడా పోతుంది. ఒకరిని దించి, అదే సభలో మరొకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టే దారి చట్టంలో లేదు. అందుకే విశాఖలో జరిగినట్లు అక్కడ జరగదు.

పాదువా_ప్రవాసి
ముచ్చట్లు గారు చెప్పినదానికి పక్కదారి ఒకటి ఉంది. కౌన్సిలర్లలో సగానికి పైగా ఒకేసారి రాజీనామా చేస్తే కౌన్సిల్ రద్దవుతుంది, మేయరూ పోతాడు. చర్చ ఉండదు, సభలో లేచి కారణం చెప్పే అవసరమూ ఉండదు. మా పాదువాలో 2016 నవంబరులో మేయరు మస్సీమో బితొంచిని ఇలాగే పంపించారు. సంతకాలు పెట్టినవారిలో ఆయన సొంత కూటమి వారు కూడా ఉన్నారు. ఆ రాజీనామాలు జరిగినది కౌన్సిల్ హాలులో కాదు, నోటరీ ఆఫీసులో.

రోమాపురి_రమణి
రోమ్‌లో ఇగ్నాత్సియో మరీనో కథ కూడా అంతే. 2015 అక్టోబరు 12న రాజీనామా చేశారు, ఇరవై రోజుల గడువు ముగియకముందే 29న వెనక్కి తీసుకున్నారు. మరునాడే 48 మంది కౌన్సిలర్లలో 26 మంది రాజీనామా చేశారు, వారిలో ఎక్కువమంది ఆయన సొంత పార్టీ వారే. నేరుగా ప్రజలు ఎన్నుకున్న మేయరును పార్టీ సభలో ఓటు వేయకుండానే సాగనంపింది. ఆ తరువాత 2016 జూన్‌లో రాజ్జి గెలిచేవరకు నగరాన్ని ఒక ప్రభుత్వ కమిషనరు నడిపారు. పాత పద్ధతి పోయిందని అనుకునేవారు ఈ ఉదంతాన్ని కూడా గుర్తు పెట్టుకోవాలి.

లెక్కల_మాస్టారు
రమణి గారి మాట నా వాదానికే బలం. మేయరుకు అరవై శాతం స్థానాలు ఊరికే ఇచ్చినా సొంతవారే దించగలిగినప్పుడు, ఆ స్థిరత్వం కోసం ఓటరు ఇచ్చిన నిష్పత్తిని ఎందుకు చెరపాలి?

పాదువా_ప్రవాసి
దించినవారు తమ పదవులు కూడా వదులుకుని దించారు, మాస్టారు. ఆ వెల ఉంది కాబట్టే ఇవి అరుదుగా జరుగుతాయి, జరిగినప్పుడు పేపర్లలో మొదటి పేజీ వార్త అవుతాయి. వెల లేని చోట ఎలా ఉంటుందో విశాఖ వాసి గారు చెప్పారు కదా.

చిలిపి_చిలక
రాజీనామాకు నోటరీ ఫీజు ఎవరు కడతారో ఎవరూ చెప్పలేదు.

భాగ్యనగరి
మనవాళ్ళు నేరుగా ఎన్నుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2002లో హైదరాబాదు మేయరుగా తీగల కృష్ణారెడ్డి ప్రజల ఓటుతోనే గెలిచారు. ఆ తరువాత మళ్ళీ కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి ఎన్నుకునే పద్ధతికి వెళ్ళాము. కానీ నేరుగా ఎన్నుకున్నంత మాత్రాన అధికారం రాదు. మన కార్పొరేషన్లలో ఫైలు మీద సంతకం, బిల్లు చెల్లింపు, సిబ్బంది బదిలీ అంతా ఐఏఎస్ కమిషనరు చేతిలో ఉంటుంది. మేయరు సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, శంకుస్థాపనలు చేస్తారు. ఇటలీలో మేయరు చేతిలో నిజంగా ఏముంటుంది?

మునిసిపల్_ముచ్చట్లు
చాలా ఉంటుంది. జుంతా అనే మంత్రివర్గం లాంటి బృందాన్ని మేయరే నియమిస్తారు, నచ్చకపోతే మేయరే తొలగిస్తారు. బయటివారిని కూడా తీసుకోవచ్చు. 15,000 దాటిన నగరాలలో కౌన్సిలరును జుంతాలోకి తీసుకుంటే ఆ వ్యక్తి కౌన్సిల్ స్థానం వదులుకోవాలి, కాబట్టి జుంతా సభ్యులు తిరిగి మేయరు మీదే ఆధారపడతారు. 3,000 జనాభా దాటిన ఊళ్ళలో జుంతాలో స్త్రీలు గాని పురుషులు గాని నలభై శాతానికి తగ్గకూడదు. విభాగాధిపతులను, నగర సంస్థల బోర్డులలో ప్రతినిధులను మేయరే ఎంపిక చేస్తారు. కౌన్సిల్ చేతిలో బడ్జెట్, పట్టణ ప్రణాళిక, పన్నుల నిబంధనలు ఉంటాయి. ఇవి కాక మేయరుకు రెండో ముఖం ఒకటి ఉంది: కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా జనన మరణ రికార్డులు, ఓటర్ల జాబితాలు చూడటం, భద్రతకు ముప్పు వచ్చినప్పుడు అత్యవసర ఆదేశాలు ఇవ్వడం కూడా ఆయన పనే. ఊరి చిహ్నం, దేశ చిహ్నం రెండూ ఉన్న మూడు రంగుల పట్టీని భుజం మీదుగా వేసుకునేది అందుకే.

ఫాదర్_గుంటూరు
దక్షిణ ఇటలీలో ఒక చిన్న ఊరి చర్చిలో పనిచేస్తున్నాను కాబట్టి, పెద్ద నగరాల లెక్కలకు అందని సంగతి చెబుతాను. ఇక్కడ జనాభా రెండు వేలు దాటదు. మేయరును పొద్దున కాఫీ బార్‌లో అందరూ పలకరిస్తారు. వీధి దీపం వెలగకపోయినా, కొండచరియ జారినా నేరుగా ఆయననే నిలదీస్తారు. తీవ్రమైన మానసిక అనారోగ్యంతో ఉన్న వ్యక్తిని అతని అంగీకారం లేకుండా ఆసుపత్రిలో చేర్చాలంటే ఇద్దరు వైద్యుల ధ్రువీకరణ మీద మేయరే ఆదేశం ఇవ్వాలి, 48 గంటలలో దానిని న్యాయమూర్తికి తెలియజేయాలి. 1978 నుంచి ఉన్న నియమం ఇది. ఆ వ్యక్తి తల్లిదండ్రులు మేయరుకు చిన్ననాటి నుంచి తెలిసినవారై ఉంటారు. అర్ధరాత్రి అలాంటి కాగితం మీద సంతకం పెట్టవలసిన మనిషిని ఎన్నికల శాతాలతో మాత్రమే కొలవడం నాకు సరిపోదనిపిస్తుంది.

చిన్న ఊళ్ళ అసలు సమస్య మెజారిటీ కాదు, పోటీకి మనుషులు దొరకకపోవడం. ఒకే జాబితా నిలబడితే ఏకగ్రీవం అనరు. ఓటింగు నలభై శాతమైనా దాటాలి, లేకపోతే ఎన్నిక చెల్లదు, కమిషనరు వస్తాడు. యువకులు ఉత్తరాదికి వెళ్ళిపోయిన ఊళ్ళలో ఆ నలభై కూడా కష్టమే.

విశాఖ_వాసి
ఫాదర్ గారు, ఏకగ్రీవానికి కూడా పోలింగు పెట్టడం నాకు నచ్చింది. మన పంచాయతీలలో ఏకగ్రీవమైతే ప్రోత్సాహక నగదు ఇస్తారు. అక్కడ పరీక్ష పెడుతున్నారు.

చిలిపి_చిలక
అత్యవసర ఆదేశాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2012లో ఫల్చానో దెల్ మస్సికో అనే ఊరి మేయరు తన ఊళ్ళో ఎవరూ చనిపోకూడదని ఆదేశం జారీ చేశారు. ఊరికి శ్మశానం లేదు.

ఫాదర్_గుంటూరు
చిలక గారు నవ్వించారు గాని, అది ఎగతాళి కోసం ఇచ్చిన ఆదేశం కాదు, పై ప్రభుత్వం చెవిన పడేందుకు చేసిన పని. 2025 జనవరిలో కలాబ్రియాలోని బెల్‌కాస్త్రో మేయరు కూడా అత్యవసర వైద్యం అవసరమయ్యే జబ్బు తెచ్చుకోవద్దని ప్రజలను ఆదేశించారు. వైద్య సేవల దుస్థితి అప్పుడు దేశమంతటా చర్చకు వచ్చింది. చేతిలో నిధులు లేని మేయరుకు మిగిలిన ఆయుధం సంతకమే.

పాత_పేపరు
ఆ ఆయుధం హద్దు మీరిన కాలమూ ఉంది. 2008లో ప్రభుత్వం మేయర్ల ఆదేశాధికారాన్ని విస్తరిస్తే, బెంచీల మీద ఎవరు కూర్చోవాలి, పార్కులలో ఎంతమంది గుమిగూడాలి అన్నదాకా ఆదేశాలు వచ్చాయి. 2011లో రాజ్యాంగ న్యాయస్థానం దానికి కత్తెర వేసింది. అత్యవసరం లేనిచోట, చట్టం హద్దులు చెప్పనిచోట మేయరు ఆదేశంతో పౌరుల స్వేచ్ఛను కుదించరాదని తేల్చింది.

టురిన్_తెలుగబ్బాయి
చాలా విషయాలు తెలిశాయి. నా మొదటి ప్రశ్నలో ఒక ముక్క మిగిలే ఉంది. ఓటరు మేయరుగా ఒకరిని, కౌన్సిల్‌కు ఎదుటి కూటమి జాబితాను ఎంచుకోవచ్చని విన్నాను. అలా చాలామంది చేస్తే అరవై శాతం నియమం ఏమవుతుంది?

పాదువా_ప్రవాసి
పౌరసత్వం వచ్చిన తరువాత నేను ఓటు వేసిన బ్యాలెట్ ఇలా ఉంటుంది. మేయరు అభ్యర్థి పేరు ఒక గడిలో, దాని కింద ఆయనను బలపరిచే జాబితాల గుర్తులు. గుర్తు మీద మాత్రమే గీత పెడితే ఓటు జాబితాకూ ఆ మేయరుకూ పడుతుంది. మేయరు పేరు మీద మాత్రమే పెడితే మేయరుకే. ఒకరి పేరు మీద, మరొకరి జాబితా మీద పెట్టడం 15,000 దాటిన నగరాలలో చెల్లుతుంది. జాబితా పక్కన ఇద్దరు కౌన్సిలర్ల పేర్లు రాయవచ్చు, కానీ వారు ఒక స్త్రీ, ఒక పురుషుడు అయి ఉండాలి. ఇద్దరూ పురుషులైతే రెండో పేరు చెల్లదు.

మీరు అడిగినదానికి జవాబు లెచ్చె నగరం. 2017లో అక్కడ ప్రత్యర్థి కూటమి జాబితాలకు మొదటి విడతలోనే సగానికి పైగా ఓట్లు వచ్చాయి, కానీ ఆ కూటమి మేయరు అభ్యర్థికి అంత రాలేదు. రెండో విడతలో కార్లో సల్వెమీని గెలిచారు. ఎదుటి జాబితాలు మొదటి విడతలో సగం దాటితే అరవై శాతం బహుమతి వర్తించదని చట్టంలో ఉంది. కోర్టుల దాకా వెళ్ళి, చివరకు మెజారిటీ ప్రత్యర్థులకే దక్కింది. మేయరు ఒక పక్షం, కౌన్సిల్ మరో పక్షం. సల్వెమీని 2019 జనవరిలో రాజీనామా చేశారు, అదే ఏడాది మేలో మొదటి విడతలోనే మళ్ళీ గెలిచారు.

లెక్కల_మాస్టారు
అంటే చట్టమే ఒక చోట ఓటరు నిష్పత్తిని గౌరవించింది. లెచ్చె ఓటర్లు సగం దాటించారు కాబట్టి గౌరవం దొరికింది. రోమ్ ఓటర్లు నాలుగు ముక్కలయ్యారు కాబట్టి దొరకలేదు.

రోమాపురి_రమణి
నాలుగు ముక్కలైన సభతో రోమ్ చెత్త సమస్య తేలుతుందా మాస్టారు? మెజారిటీ ఉన్న మేయర్లకే తేలడం లేదు.

పాత_పేపరు
మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకోవడాన్ని మరీ ఆకాశానికి ఎత్తకూడదు. కౌన్సిల్ ఎన్నుకున్న కాలంలోనే బొలోన్యాను జూసెప్పె దొజ్జా 1945 నుంచి 1966 వరకు నడిపారు, ఫ్లోరెన్సుకు జార్జో లా పీరా, రోమ్‌కు కళాచరిత్రకారుడు జూలియో కార్లో అర్గాన్ మేయర్లుగా వచ్చారు. కొత్త పద్ధతి తెచ్చిన అసలు మార్పు మరొకటి: పార్టీ మెట్లు ఎక్కనివారికి తలుపు తెరిచింది. బొలోన్యాలో అర్ధ శతాబ్దపు వామపక్ష పాలనకు 1999లో తెర దించిన జార్జో గ్వజ్జలోకా మాంసం దుకాణం నడిపినవారు. వెరోనాలో 2022లో ఫుట్‌బాల్ ఆటగాడు దమియానో తొమ్మాసి, జెనోవాలో 2025లో హ్యామర్ త్రో క్రీడాకారిణి సిల్వియా సాలిస్ గెలిచారు.

భాగ్యనగరి
ఇంత అధికారం ఉంటే జీతం, జవాబుదారీతనం ఎలా ఉంటాయి?

మునిసిపల్_ముచ్చట్లు
2022 బడ్జెట్ చట్టం పెంచిన తరువాత, రోమ్, మిలాన్ వంటి మహానగర మేయర్ల నెలసరి భత్యం పన్నులకు ముందు 13,800 యూరోలు. 3,000 లోపు ఊళ్ళలో 2,208 యూరోలు. జవాబుదారీతనం మాత్రం ఊరి పరిమాణం చూడదు. 2021లో క్రెమా నగర మేయరు స్తెఫానియా బొనాల్ది మీద దర్యాప్తు నోటీసు వచ్చింది. నగరం నడిపే శిశు పాఠశాలలో తలుపు సందున పిల్లవాడి వేళ్ళు నలిగాయన్నది కారణం. పార్టీలకు అతీతంగా మేయర్లు నిరసన తెలిపారు. అధికార దుర్వినియోగం అనే నేరాన్ని శిక్షాస్మృతి నుంచి 2024లో తొలగించడం వెనక కూడా ఈ సంతకం భయం గురించిన ఫిర్యాదులు ఉన్నాయి.

లెక్కల_మాస్టారు
ఆ తొలగింపు మేయర్లకు ఊరట, పౌరుడికి నష్టం. పక్కింటివాడికి అడ్డదారిలో అనుమతి ఇచ్చిన అధికారి మీద ఇకపై ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయాలి?

పాదువా_ప్రవాసి
లంచం తీసుకుంటే ఆ నేరం అలాగే ఉంది. లంచం లేని పక్షపాతానికి పరిపాలనా కోర్టు మిగిలింది. అది ఖర్చుతో కూడిన దారి అన్నది మాత్రం నిజం.

టురిన్_తెలుగబ్బాయి
చివరి సందేహం. ఇక్కడ నివాసం నమోదు చేసుకుని, నగర గుర్తింపు కార్డు కూడా ఉన్న నాలాంటి విద్యార్థులకు నగర ఎన్నికలోనైనా ఓటు ఉంటుందా?

పాదువా_ప్రవాసి
ఉండదు. యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులు నివాసం ఉన్న నగరంలో పేరు నమోదు చేయించుకుని ఓటు వేయవచ్చు, కౌన్సిలర్లుగా పోటీ చేయవచ్చు, మేయరు మాత్రం కాలేరు. మీ పక్క ఫ్లాట్‌లోని రొమేనియా విద్యార్థికి టురిన్ మేయరు విషయంలో ఓటు ఉంది, మీకు లేదు. మనకు పౌరసత్వం వచ్చేదాకా ఆగవలసిందే. అందుకు దరఖాస్తు పెట్టాలంటే సాధారణంగా పదేళ్ళ చట్టబద్ధ నివాసం కావాలి.

ఫాదర్_గుంటూరు
ఓటు లేకపోయినా కౌన్సిల్ సమావేశాలు ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. నేను వెళ్తుంటాను. బడ్జెట్ రోజున వెళ్ళండి, మేయరు ఎవరి మాట వింటున్నారో ఆ ఒక్క రోజే తెలిసిపోతుంది.

విశాఖ_వాసి
రెండుసార్ల తరువాత మూడోసారి పోటీ చేయకూడదని కూడా ఉందట కదా?

మునిసిపల్_ముచ్చట్లు
వరుసగా రెండు పదవీకాలాలే. అయితే 2024లో చిన్న ఊళ్ళకు సడలించారు: 5,000 వరకు పరిమితి లేదు, 15,000 వరకు మూడు పదవీకాలాలు. పెద్ద నగరాలకు పాత నియమమే. 2016లో, 2021లో గెలిచిన మిలాన్ మేయరు జూసెప్పె సాలా అందువల్ల వచ్చేసారి పోటీ చేయలేరు. 2021 శరదృతువులో ఎన్నికలు జరిగిన రోమ్, మిలాన్, టురిన్, నేపుల్స్, బొలోన్యాలకు 2027 వసంతంలో మళ్ళీ పోలింగు.

లెక్కల_మాస్టారు
అప్పుడు మొదటి విడత జాబితాల శాతాలు, దక్కిన స్థానాలు పక్కపక్కన పెట్టి ఇక్కడే పట్టిక వేస్తాను. రమణి గారు రోమ్ వార్డుల వారీ పోలింగు శాతాలు పంపితే బాగుంటుంది.

రోమాపురి_రమణి
పంపుతాను. రోమ్‌లో 15 మునిచీపియోలు (నగరంలోని పాలనా విభాగాలు) ఉన్నాయి, వాటి అధ్యక్షులకు కూడా అదే రోజు ఎన్నిక జరుగుతుంది, కాబట్టి మీ పట్టికలో అదనపు వరుసలు ఇప్పుడే గీసి పెట్టుకోండి.